సైన్స్ ప్రదర్శనా, వేసవి ఫెలోషిప్పా?

భీమవరం, అమలాపురం డిగ్రీ విద్యార్థులకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది: ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవ ప్రదర్శనపై శ్రమ పెట్టాలా, మూడు జాతీయ విజ్ఞాన అకాడమీల వేసవి పరిశోధన ఫెలోషిప్‌పై పెట్టాలా?

ఖర్చు: ప్రదర్శనకు సొంత డబ్బు పడుతుంది, ఫెలోషిప్‌లో భృతి అందుతుంది.

శ్రమ: మొదటిది కొన్ని వారాల పని, రెండోదానికి రెండు నెలలు ఇల్లు వదలాలి.

రిస్కు: ఫెలోషిప్‌కు దేశవ్యాప్త పోటీ.

అయినా ప్రదర్శనను చిన్నచూపు చూడకూడదు. తెల్లవారకముందే రొయ్యల చెరువు నీటిని సీసాలో పట్టి, గంజిపిండి ద్రావణంతో వచ్చిన నీలిరంగు పూర్తిగా పోయేదాకా చుక్కచుక్కగా మరో ద్రావణం కలిపి కొలిచి (టైట్రేషన్), రాత్రి నీటిలో ఆక్సిజన్ ఎంత పడిపోయిందో చూపిన విద్యార్థికి ఆక్వా ల్యాబు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత పని ఉంటుంది.

డిగ్రీ కాగానే ఇక్కడే ఉద్యోగం కావాలంటే ప్రదర్శన మేలు. పీహెచ్‌డీ ఆశ ఉంటే ఫెలోషిప్‌కే దరఖాస్తు చేయాలి.