400 పాయింట్ల పరీక్షలో నా మస్టాంగ్: ఏఏసీఏ జడ్జింగ్‌పై సమీక్ష

నేనుండేది అమెరికాలోని పెన్సిల్వేనియాలో. నా 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారుని ఏళ్ల తరబడి ఏఏసీఏ, అంటే యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా, షోలకు తీసుకెళ్తున్నాను. పాత కారు కొన్న మనవాళ్లు అక్కడ ప్రైజు ఎలా ఇస్తారని తరచూ అడుగుతుంటారు.

ఇది అందాల పోటీ కాదండీ. 1935లో మొదలైన క్లబ్బు ఇది. పాతికేళ్లు నిండిన బండిని తీసుకెళ్లవచ్చు. రకాన్ని, తయారైన ఏడాదిని బట్టి క్లాసులు ఉంటాయి. ప్రతి బండికీ ముందే 400 పాయింట్లు ఇచ్చేసి, బాడీ, లోపలి భాగం, ఇంజిన్, ఛాసిస్ (కింది చట్రం) చూస్తూ తప్పు దొరికిన చోటల్లా కోస్తారు. డీలరు మొదటి ఓనరుకి తాళం ఇచ్చిన రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలి, అంతే. ఫ్యాక్టరీ కన్నా గొప్ప పెయింట్ వేయించినా అదనంగా ఒక్క పాయింటు రాదు. డబ్బు గుమ్మరించి గెలుద్దామనుకునే వాళ్లకి ఇది మింగుడు పడదు. నాకు మాత్రం తెగ నచ్చింది.

జడ్జీలంతా వాలంటీర్లే. బండి మీద చెయ్యి వేయరు. బానెట్, డిక్కీ, తలుపులు మనమే తీసి, పక్కన నిలబడాలి. బ్యాటరీ దగ్గర ఒకాయన వంగి చూసి, పక్కాయన్ని మోచేత్తో తట్టి ఏదో రాయించాడంటే మన పని అయిపోయినట్టే. నా మస్టాంగ్ కాలం నాటి బండికి ఇప్పటి బ్యాటరీ, ఇప్పటి రకం రేడియల్ టైర్లు ఉంటే కోత ఖాయం.

మొదటి మెట్టు జూనియర్ అవార్డు. అందులో ఫస్ట్ వస్తే మరో షోలో సీనియర్‌కి వెళ్లవచ్చు, ఆపైన గ్రాండ్ నేషనల్. ఒక క్లాసులో ఒకరికే ఫస్ట్ అనే రూలు లేదు. పక్కవాడి బండి కూడా బాగుంటే అతనికీ వస్తుంది. అందుకే అక్కడ ఏడుపులు తక్కువ.

ఇబ్బంది ఖర్చుతోనే. ఒక షాపు సీటు కవర్లు వేరే డిజైనువి పంపింది, మళ్లీ కొనాల్సి వచ్చింది. పైగా పాయింట్ల పిచ్చి పట్టాక వాన మబ్బు కనిపిస్తే బండి బయటికి తీయబుద్ధి కాదు. వారం వారం నడుపుకునేవాళ్లు డ్రైవర్ పార్టిసిపేషన్ క్లాసులో పెట్టుకోండి, టెన్షన్ ఉండదు. కొత్తదానిలా తీర్చిదిద్దకుండా పాతది పాతగానే మిగిలిన బండ్లకి హెచ్‌పీఓఎఫ్ (హిస్టారికల్ ప్రిజర్వేషన్ ఆఫ్ ఒరిజినల్ ఫీచర్స్) అని వేరే విభాగం ఉంది. అలాంటి బండి దొరికితే దయచేసి పెయింట్ వేయించకండి.

ఏ క్లాసైనా సరే, వెళ్లేటప్పుడు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మర్చిపోవద్దు. అది తప్పనిసరి.