"ఒక్క కిట్‌తో 24 గ్రీటింగ్ కార్డులు" అంటే నమ్మకండి, వచ్చేవి 8 మాత్రమే

ఫ్రెండ్స్, పిల్లలతో గ్రీటింగ్ కార్డులు చేయిద్దామని పేపర్ క్రాఫ్ట్ కిట్ కొనేవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇవే ఫొటోలతో ఇదే కిట్ నాలుగైదు పేర్ల మీద కనబడుతోంది, ఒక పేరు చెబితే మిగతావి మంచివేమో అనుకుంటారు.

ఈసారి సంక్రాంతికి ఫోన్లో మెసేజులు కాదు, చేత్తో చేసిన కార్డులే అందరికీ పంపాలని మా అమ్మాయి పట్టుబట్టింది. మా అమ్మ బీరువాలో పాత గ్రీటింగులు ఒక కట్ట ఉంది, మా మేనమామ ఏటా పోస్టులో పంపినవి, ముగ్గులు, గంగిరెద్దుల బొమ్మలతో. దసరా సెలవుల్లో అవి చూసిన దగ్గర్నుంచి దానికి అదే ధ్యాస. లెక్కేస్తే 20 ఇళ్ళు తేలాయి. ఆన్‌లైన్‌లో వెతికితే "24 కార్డులు, 300 జీఎస్ఎం, కవర్లు, జిగురు అన్నీ లోపలే" అని 799 రూపాయలకి ఈ కిట్ కనబడింది (జీఎస్ఎం అంటే కాగితం బరువు లెక్క, కింద వివరంగా చెబుతాను). నాలుగు మిగులుతాయి కూడా అనుకుని వెంటనే పెట్టేశాను.

డబ్బా విప్పి లెక్కపెడితే మడతపెట్టి కార్డు చేసుకునే అట్టలు ఎనిమిదే ఉన్నాయి. కవర్లూ ఎనిమిదే. మరి 24 ఏంటని చూస్తే, విజిటింగ్ కార్డు అంత ముక్కలు ఎనిమిది, గిఫ్టులకి దారంతో కట్టే ట్యాగులు ఎనిమిది, వాటినీ కార్డుల్లోనే కలిపారు. మళ్ళీ వెనక్కి వెళ్ళి వాళ్ళ పేజీ చూశాను. ఆరో ఫొటోలో అడుగున చిన్న అక్షరాల్లో "24 పీసులు" అని ఉంది, పైన పెద్ద అక్షరాల్లో మాత్రం "24 కార్డులు". ఇది పొరపాటున జరిగింది కాదు, కావాలని చేసిందే.

సరే, ఎనిమిదైనా బాగున్నాయా అంటే అదీ లేదు. పట్టుకుంటేనే పల్చగా అనిపించింది, 300 అని ఎలా రాశారా అని అనుమానమొచ్చి వంటింట్లో కేకు పిండి తూచే కాటా మీద పెట్టాను. ఈ లెక్క అందరికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. ఏ4 షీట్లు 16 కలిపితే ఒక చదరపు మీటరు అవుతుంది. ఏ4లో సగం సైజైతే 32. మా కిట్‌లో అట్టలు ఆ సగం సైజువే, ఎనిమిది ఉన్నాయి, అంటే పావు చదరపు మీటరు. 300 జీఎస్ఎం అయితే ఎనిమిదీ కలిపి 75 గ్రాములు రావాలి. కాటా మీద 35 చూపించింది. నాలుగుతో హెచ్చవేస్తే 140. జెరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది, దానికి ఇంచుమించు రెండింతలే. అందుకే మీద పతంగి అతికించగానే కార్డు నిలబడలేక ముందుకి వాలిపోయింది.

మడత పెడితే ఇంకో గొడవ. పై రంగు మడత దగ్గర చిట్లి లోపలి తెలుపు బయటపడింది. కాగితానికి పోగు ఒక దిశలో ఉంటుంది, దానికి అడ్డంగా మడత వచ్చేలా కోసిన అట్ట మడిస్తే ఇలాగే అవుతుంది. షీటుని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, ఎటు సులువుగా వంగితే అటే మడవాలి. అయిపోయిన రీఫిల్‌తో స్కేలు పెట్టి ముందు ఒక గీత నొక్కితే ఇంకా నీటుగా వస్తుంది. కానీ వీళ్ళు అట్టలు కోసి ఇచ్చేశారు కదా, మనం చేయగలిగింది ఏమీ లేదు.

నాకు బాగా బాధనిపించింది ఇంకోటి. అమ్మమ్మకి ఇవ్వాల్సిన కార్డు మీద మా అమ్మాయి గంటసేపు కూర్చుని ఎర్ర కాగితంతో పతంగి కత్తిరించి అతికించింది, కింద తన చేతి రాతతో "అమ్మమ్మకి, తాతయ్యకి" అని రాసింది. కిట్‌లో ఇచ్చిన జిగురు నీళ్ళలా ఉంది. పొద్దున లేచి చూస్తే ఎర్ర రంగు కరిగి అక్షరాల దాకా పాకింది, కాగితం ముడతలు పడిపోయింది. పిల్ల ఏడవలేదు గానీ ఆ కార్డు తీసి తన పుస్తకంలో దాచేసుకుంది, ఎవరికీ ఇవ్వనంది.

కవర్ల సంగతి కూడా చెప్పాలి. కార్డు 10.5 బై 14.8 సెంటీమీటర్లు, కవరు సరిగ్గా అంతే. మీద పూలో ముత్యాలో ఉబ్బెత్తుగా అతికిస్తే పట్టనే పట్టదు. ఈ సైజు కార్డుకి 11.4 బై 16.2 కవరు ఉండాలి, కొనేటప్పుడు ఆ రెండు కొలతలూ రాశారో లేదో చూడండి.

రిటర్న్ పెడితే "ప్యాకెట్ విప్పేశారు, తీసుకోము" అన్నారు. విప్పకుండా లోపల ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుందండీ? 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్ళు అనకూడదు. పైగా డబ్బా మీద తయారీదారు అడ్రసు లేదు, తయారైన నెల, సంవత్సరం లేవు, అవి ఉండి తీరాలి. ఇవన్నీ ఫొటోలు తీసి, కాటా అంకె కనబడేలా ఒకటి, "24 కార్డులు" అన్న పేజీ స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టుకుని కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను. నేను చేసిన తప్పు, డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయలేదు. మీరు తీయండి, టేపు కోయడం దగ్గర్నుంచి, ఆపకుండా.

చివరికి కార్డులు ఎలా అయ్యాయంటే, పండక్కి పది రోజులు కూడా లేదని టెన్షన్ పడుతుంటే మా అక్క హైదరాబాద్ ఛత్తా బజార్ వెళ్ళమంది. అక్కడ శుభలేఖలు అచ్చు వేసే షాపులు వరసగా ఉంటాయి కదా. ఒకాయన్ని అడిగితే 300 జీఎస్ఎం ఏ4 షీట్లు పది ఇచ్చారు. సగానికి కోసి మడిస్తే ఒక్కో షీటుకి రెండు కార్డులు, మొత్తం 20. కవర్లు, డబుల్ సైడ్ టేపు, రంగు కాగితాలు కూడా కలిపి 350 లోపే అయింది. తడి జిగురు అసలు వాడలేదు, అందుకే ఒక్కటి కూడా ముడత పడలేదు.

ఇదే కిట్ ఇంకా విప్పకుండా ఎవరి దగ్గరైనా ఉంటే రిటర్న్ గడువు అయ్యేలోపు వీడియో తీస్తూ విప్పి, అట్టలు లెక్కపెట్టి, తూచి చూడండి. నా కంప్లైంట్ నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. ఏమైందో ఇక్కడే రాస్తాను.