నేపాల్ వార్డు, ట్యునీసియా జాబితా
రాచరికాన్ని సాగనంపిన నేపాల్, వార్డు కమిటీలోని అయిదు స్థానాల్లో రెండింటిని మహిళలకు కేటాయించింది. అందులో ఒకటి దళిత మహిళది. 2017లో గెలిచిన ఉప మేయర్లలో అత్యధికులు మహిళలే. ఊరి తగువులు విచారించే న్యాయ సమితికి పెద్ద ఉప మేయరే. మేయర్ కుర్చీ మాత్రం దాదాపు అంతటా పురుషుడిదే. ఒక పార్టీ నిలిపే మేయర్, ఉప మేయర్ అభ్యర్థుల్లో ఒకరు మహిళ కావాలని చట్టం అంటే, పార్టీలు ఆమెకు రెండో కుర్చీ చూపించాయి. ఇది నాకు మింగుడుపడదు.

2011 విప్లవం తర్వాత ట్యునీసియా జాబితా పద్ధతి పట్టింది. ఓటు పార్టీ జాబితాకు పడుతుంది, సీట్లు పై పేరు నుంచి వరుసగా దక్కుతాయి. ఆ పేర్ల వరుస: పురుషుడు, మహిళ, మళ్లీ పురుషుడు. ఒక పార్టీ పెట్టే జాబితాల్లో సగానికి మొదటి పేరు మహిళదే కావాలన్నది 2018 పురపాలక ఎన్నికల నియమం. అసలు కీలకం ఇదే, నా మొగ్గూ ఇటే. ఆ ఎన్నికల్లో దాదాపు 47 శాతం స్థానాలు మహిళలు గెలిచారు. సువాద్ అబ్దుర్రహీమ్ రాజధాని ట్యూనిస్‌కు తొలి మహిళా మేయర్ అయ్యారు. 2023లో దేశాధ్యక్షుడు ఆ పురపాలక మండళ్లనే రద్దు చేశారు. నేపాల్‌లో దళిత మహిళ స్థానం 2022 ఎన్నికల్లోనూ నిలిచింది.