ఆల్ప్స్ దారిలో దుప్పటికి పదిహేను యూరోలు

ఫ్రాన్స్‌లోని కొండ ఊరు బ్రియాన్సోన్ సమీపంలోని ఒక అద్దె ఇంటి గుమ్మంలో రాత్రి ఎనిమిదిన్నరకు నిలబడి, మేము పడుకోబోయే పక్కల మీది దుప్పట్లకు మనిషికి 15 యూరోల చొప్పున లెక్కపెట్టి ఇవ్వవలసి రాకపోతే, ఈ ప్రయాణం గురించి నేను బహుశా రాసేదాన్ని కాదు.

జూలై మొదట్లో నేను, మావారు, మా అత్తగారు లియోన్‌లో కారు అద్దెకు తీసుకుని, ఫ్రెంచి ఆల్ప్స్ మీదుగా తొమ్మిది రోజులలో నీస్ చేరుకున్నాము. గేర్ల కారుకు, వేరే ఊళ్లో అప్పగించినందుకు కలిపి 612 యూరోలు అయింది. డిపాజిట్ కింద క్రెడిట్ కార్డు మీద 1,100 యూరోలు ఆపి ఉంచారు కాబట్టి, నడిపేవారి పేరనే కార్డు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పక దగ్గర ఉంచుకోవాలి. అన్సీ సరస్సు దగ్గర రెండు రోజులు హాయిగా గడిచిపోయాయి.

2,764 మీటర్ల ఎత్తున ఉన్న ఇజెరాన్ కనుమ దాటి, రాతి పలకల పైకప్పులున్న బోన్‌వాల్ గ్రామంలోకి దిగేసరికి మధ్యాహ్నం 1.40 అయింది. అక్కడ రెండు గంటలకల్లా వంటగదులు మూసేస్తారు. అత్తగారు మాంసం, చేపలు, గుడ్లు ముట్టరు. బోఫోర్ చీజ్‌ను దూడ పొట్టలోని పదార్థంతో పాలు విరిచి చేస్తారని తెలిసినప్పటి నుంచి చీజ్ కూడా వద్దన్నారు. ఇవన్నీ మావారు వచ్చీరాని ఫ్రెంచిలో చెప్పగా, ఆ చిన్న భోజనశాల యజమానురాలు విసుక్కోకుండా విని, చీజ్ లేకుండా పాలు, మీగడ, వెల్లుల్లితో ఉడికిన బంగాళాదుంపల గ్రాటాన్, కూరగాయల సూప్ వడ్డించారు. అన్సీ వదిలాక అత్తగారు తృప్తిగా తిన్న మొదటి భోజనం అదే. ముగ్గురికి 54 యూరోలు. మంచినీళ్ల సీసా కొనకండి, ‘కరాఫ్ దో’ అని అడగండి. కుళాయి నీటిని ఉచితంగా ఇవ్వాలని అక్కడి చట్టమే చెబుతోంది.

మరునాడు గాలిబియే కనుమ మలుపులలో అత్తగారికి వాంతులయ్యాయి. ఆగుతూ ఆగుతూ బ్రియాన్సోన్ దగ్గరి ఆ అద్దె ఇల్లు చేరేసరికి చీకటి పడబోతోంది. రెండు రాత్రులకు 236 యూరోలు ముందే చెల్లించి ఉన్నాము. అయినా దుప్పట్లకు, తువ్వాళ్లకు 45, శుభ్రం చేసినందుకు 60, మొత్తం 105 యూరోలు, అదీ నోట్ల రూపంలోనే ఇస్తేగాని తాళాలు ఇవ్వనని ఆ ఇంటావిడ అన్నది. మావారు ఆరు కిలోమీటర్లు వెనక్కి వెళ్లి ఏటీఎంలో డబ్బు తెచ్చేదాకా అత్తగారు శాలువా కప్పుకుని గుమ్మంలోనే కూర్చున్నారు. రసీదు అడిగితే లేదన్నది. ఇద్దరి స్నానాలకే వేడినీళ్లు అయిపోయాయి. అలాంటి అద్దె ఇళ్లలో దుప్పట్లకు వేరే వసూలు చేయడం ఆ దేశంలో మామూలేనని తరువాత తెలిసింది. నా కోపం ఆ ఆచారం మీద కాదు, ధర పక్కన చెప్పవలసిన మాటను ప్రకటన అడుగున ఫ్రెంచిలో ఒక్క వాక్యంగా దాచినందుకు. బుక్ చేసే ముందు ‘ద్రా’ (draps), ‘మెనాజ్’ (ménage) అనే రెండు మాటల కోసం ప్రకటనంతా వెతకండి: మొదటిది పక్కదుప్పట్లు, రెండవది ఇల్లు శుభ్రం చేయడం.

మరుసటి రోజంతా మావారు ముభావంగానే ఉన్నారు. బ్రియాన్సోన్‌లో, ఫ్రెంచి సైనిక ఇంజినీరు వొబాన్ కట్టించిన కోట గోడల మీద నడిచినా ఆయన ముఖం వికసించలేదు. ఆ మర్నాడు ఇజోఆర్ కనుమ కింద, కాస్ దెజర్ట్ అనే చోట, పసుపు రంగు రాళ్ల వాలులోంచి స్తంభాల్లా లేచిన శిలలను చూశాకే ఆయన మళ్లీ మాట్లాడారు. జూలైలో వెళ్లేవారు టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం తేదీలు చూసుకోవాలి; పందెం సాగే రోజున కనుమ దారులు మూసేస్తారు.

చివరి రోజు బోనెట్ శిఖరం చుట్టూ 2,802 మీటర్ల ఎత్తున తిరిగే దారి మీదుగా నీస్‌కు దిగాము. అంతకు ముందు రాత్రి బార్సెలోనెట్‌లో, మెక్సికో వెళ్లి సంపాదించుకొచ్చినవారు కట్టుకున్న మేడల వీధిలో, 96 యూరోలకు ఒక హోటల్ గది తీసుకున్నాము. లోపలికి వెళ్లగానే అత్తగారు పక్క మీది దుప్పటి పట్టుకుని చూసి, దీనికి వేరే డబ్బు ఇవ్వాలేమో అడిగి రమ్మని కొడుకును కిందికి పంపారు. అక్కరలేదని ఆయన వచ్చి చెప్పిన తరువాతే మంచం మీద కూర్చున్నారు.