డీఎన్ఏలో ఒక్క అక్షరం మారిందో లేదో తేల్చడానికి ఏ పరీక్ష మేలు?

బెంగళూరులో బీటా గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లోని ఒక ప్రోటీన్) జన్యువు మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు పెట్టుకున్న మన తెలుగు పిల్లలకు ముందుగా తోచేది సాంగర్ సీక్వెన్సింగే, అంటే డీఎన్ఏను అక్షరం అక్షరంగా చదవడమే. వెతికే మార్పు ఏదో ముందే తెలిస్తే అంత దూరం పోనక్కర్లేదు.

సికిల్ సెల్ జబ్బుకు ఆర్‌ఎఫ్‌ఎల్‌పీ (డీఎన్ఏను ఎంజైముతో కోసి ముక్కల పొడవు చూసే పరీక్ష) చాలు. ఆరో కోడాన్‌లో, అంటే ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుంపులో (మొదటి మెథియోనిన్‌ను కలిపితే ఏడో కోడాన్, పేపర్లలో రెండు లెక్కలూ కనిపిస్తాయి) జీఏజీ కాస్తా జీటీజీ అయి, గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలీన్ వస్తుంది. దాంతో డీడీఈ-1 ఎంజైము కోసే చోటు పోతుంది. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పద్ధతి) ప్రొడక్టు 10, బఫర్ 2, ఎంజైము 1 మైక్రోలీటరు వేసి, నీళ్లతో 20కి తెచ్చి, 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి, ముక్కలను పొడవును బట్టి విడదీసే 3 శాతం అగరోజ్ జెల్ మీద నడపాలి. ఎంజైము 2 మైక్రోలీటర్లు దాటితే గ్లిసరాల్ ఎక్కువై కోయకూడని చోట కూడా కోయొచ్చు. అసలు ముప్పు అరకొర కోతతోనే. కోసిన ముక్కలూ కోయని ముక్కా కలిసి కనపడి, మామూలు మనిషి క్యారియర్‌లా (జన్యువు రెండు కాపీల్లో ఒకదాంట్లోనే మార్పు ఉన్నవాడిలా) తేలతాడు. అందుకని ప్రతిసారీ మామూలు డీఎన్ఏను కూడా పక్కనే కోతకు పెట్టాలి. ఇంకో చిక్కు: అదే కోడాన్ ఏఏజీ అయితే, అంటే హిమోగ్లోబిన్ సి అయితే, ఈ ఎంజైము తేడా పట్టదు, మామూలుగానే కోసేస్తుంది.

తలసీమియాకు మా ఓటు ముందు ఆర్మ్స్-పీసీఆర్‌కే, అంటే మామూలు అక్షరానికీ మారిన అక్షరానికీ వేర్వేరు ప్రైమర్లు (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) వాడే పీసీఆర్‌కే. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఐవీఎస్ 1-5 (మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం) మార్పులో జీ పోయి సీ వస్తుంది. కోడాన్ ఏదీ మారదు, స్ప్లైసింగ్ (ఇంట్రాన్లను, అంటే ప్రోటీన్‌కు అక్కర్లేని భాగాలను, తీసేసి మిగతావి అతికించే పని) చెడుతుంది. నమూనాకు రెండు ట్యూబులు: ఒకదాంట్లో మామూలు ప్రైమర్, రెండోదాంట్లో మ్యూటెంట్ ప్రైమర్. ప్రైమర్ 3 ప్రైమ్ కొస సరిగ్గా ఆ అక్షరం మీదే పడాలి. కాపీ తీసే టాక్ ఎంజైముకు తప్పుదిద్దే గుణం లేదు కాబట్టే ఈ పద్ధతి నడుస్తుంది. తప్పుదిద్దే హై ఫిడెలిటీ పాలిమరేజ్ పోస్తే కొసన కలవని అక్షరాన్ని తుంచేసి, రెండు ట్యూబుల్లోనూ బ్యాండు తెస్తుంది. అనీలింగ్ (ప్రైమర్ అతుక్కునే) ఉష్ణోగ్రత తక్కువైనా అంతే. కంట్రోల్ బ్యాండు (పీసీఆర్ పనిచేసిందని చూపేది) రాని ట్యూబుకు "మార్పు లేదు" అని రాయకండి, మళ్లీ పెట్టండి.

ఆర్మ్స్‌కు దొరకని నమూనాలే సాంగర్‌కు. మొదటి 40-50 అక్షరాలు మసగ్గా వస్తాయి, ప్రైమర్‌ను అంతకన్నా దూరంగా పెట్టాలి. పదిహేనో కోడాన్‌లో టీజీజీ టీఏజీ అయి ప్రోటీన్ అక్కడే ఆగిపోయే మార్పు క్యారియర్‌లో జంట శిఖరంగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక అక్షరమే రాసి ఊరుకోవచ్చు, కంటితో చూడాల్సిందే. రెండో కోడాన్‌లో సీఏసీ, సీఏటీ తేడా కనిపిస్తే గాభరా వద్దు, రెండూ హిస్టిడినే.

బెంగళూరులో సింధీ కుటుంబాల నమూనాలూ రావచ్చు. వాళ్లలో ఎక్కువగా ఉండే 619 అక్షరాలు ఒక్కసారిగా పోయే డిలీషన్‌లో ప్రైమర్ అతుక్కునే చోటే ఎగిరిపోతే, సాంగర్ రెండో కాపీని మాత్రమే చదివి శుభ్రమైన గ్రాఫ్ ఇస్తుంది. దానికి గ్యాప్-పీసీఆర్ (పోయిన ముక్కకు రెండు పక్కలా ప్రైమర్లు పెట్టేది) వేరుగా పెట్టుకోవాలి.