వేసవి చర్మానికి కలబందా, ముల్తానీ మట్టా?

వేసవిలో ఇంట్లోనే వేసుకునే పూతల్లో కలబంద గుజ్జు, ముల్తానీ మట్టి రెండూ చల్లదనానికే పేరుపొందినప్పటికీ, వాటి పనితీరు దాదాపు పరస్పర విరుద్ధం. కలబంద గుజ్జులో సుమారు 98 శాతం నీరే కావడంతో అది ఎండకు కమిలిన చర్మానికి తేమనందిస్తుంది. మట్టి మాత్రం చర్మంపై పేరుకున్న జిడ్డును పీల్చుకుంటుంది. సన్‌స్క్రీన్ చేసే పని మాత్రం రెండూ చేయలేవు.

మధ్యాహ్నానికే ముక్కు, నుదురు జిడ్డుతో మెరిసేవారికి మట్టి నప్పుతుంది. అయితే పూత ఎండి బీటలు వారే వరకు ఉంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. అంచులు తెల్లబడి, మధ్యలో ఇంకా తడి ఉండగానే నీటితో నానబెట్టి కడిగేయాలి. లేకపోతే జిడ్డుతోపాటు చర్మానికి అవసరమైన తేమ కూడా పోతుంది. పొడి చర్మం గలవారు దీని జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇందులో నిమ్మరసం పిండే అలవాటు మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఆ రసం అంటిన చోట ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు.

ఎండకు వెళ్లివచ్చాక ముఖం మండేవారికి కలబందే తగినది. దానికీ ఒక చిక్కుంది: మట్టను కోయగానే తొక్క అడుగునుంచి కారే పసుపుపచ్చని చేదు ద్రవం కొందరికి దురద పుట్టిస్తుంది. అందుకే కోసిన మట్టను కాసేపు నిలువుగా ఉంచి, ఆ ద్రవం కారిపోయాక, గుజ్జును కడిగి, ముందుగా మోచేతి మడతలో రాసి చూసుకోవాలి. పొడిమట్టి నెలల తరబడి నిల్వ ఉంటుంది గానీ, తాజా గుజ్జు ఫ్రిజ్‌లో పెట్టినా కొద్ది రోజులకే పాడవుతుంది.