ఏజెంట్ చదివేది మనం రాసిన వివరణనే: ఎంసీపీని ఏడాదికి పైగా వాడాక

ఒడిశాలోని బరంపురంలో పట్టుచీరల దుకాణాలకు బిల్లింగ్, స్టాకు ప్రోగ్రాములు రాసిపెట్టడం నా వృత్తి. ఇక్కడి వ్యాపారుల్లో తెలుగువాళ్లు చాలామంది. సరుకు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస దాకా వెళ్తుంది. ఏడాదికి పైగా ఈ ప్రోగ్రాములను మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ), అంటే ఏఐని బయటి ప్రోగ్రాములతో కలిపే ఉమ్మడి పద్ధతి ద్వారా ఏఐ ఏజెంట్‌కు (చెప్పిన పనిని తనే ప్రోగ్రాములు నడిపి చేసే ఏఐకి) అందించి పని చేయిస్తున్నాను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఈ పద్ధతిని తర్వాత ఓపెన్‌ఏఐ, గూగుల్ కూడా స్వీకరించాయి. పద్ధతి గట్టిదే. కాని ఫలితం బాగుండాలంటే టూల్ (ప్రోగ్రాములో ఏజెంట్ పిలిచి వాడుకునే ఒక్కో పని) వివరణ బాగుండాలి. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా దాని గురించే.

ఎంసీపీలో ప్రతి టూల్‌కూ ఒక పేరు, ఒక వివరణ, ఏ సమాచారాన్ని ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే జేసన్ స్కీమా ఉంటాయి. ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో ఏజెంట్ వీటిని చూసే తేల్చుకుంటుంది. లోపలి కోడు దానికి కనిపించదు. కొత్తగా చేరిన గుమాస్తా అయితే అనుమానం వచ్చినప్పుడు పక్కవాళ్లను అడుగుతాడు. ఏజెంట్ మాత్రం అడగమని చెప్పకపోతే చాలాసార్లు తనే ఒకటి ఊహించుకుని ముందుకు సాగిపోతుంది.

ఒక దుకాణం బయట కొన్న ప్యాకేజీలో బిల్లు టూల్‌కు ఉన్న వివరణ ఒక్క ముక్క: 'ఇన్‌వాయిస్ తయారుచేస్తుంది'. ఇచ్ఛాపురం మాకు బస్సెక్కితే దిగే పక్క ఊరే అయినా పన్ను లెక్కలో వేరే రాష్ట్రం. ఒడిశాలోనే అమ్మితే సీజీఎస్‌టీ (కేంద్రం పన్ను), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం పన్ను) చెరి సగం. సరుకు సరిహద్దు దాటితే ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను). ఏజెంట్ ఇచ్ఛాపురం ఆర్డరుకు స్థానిక పన్ను వేసేసింది. రెండు విధాలా మొత్తం ఒకటే కాబట్టి బిల్లు చూసినవారెవరికీ తేడా కనిపించదు. రిటర్ను దాఖలు చేసేటప్పుడు బయటపడితే, సరైన పద్దు కింద పన్ను మళ్లీ కట్టి, ముందు కట్టినదానికి రిఫండు కోరాలి.

ఆ వివరణ స్థానంలో ఇప్పుడు ఇలా ఉంది: 'సరుకు చేరే రాష్ట్రాన్ని బట్టి పన్ను నిర్ణయమవుతుంది. ఊరి పేరు చూసి రాష్ట్రాన్ని ఊహించకూడదు. చిరునామాలో రాష్ట్రం లేకపోతే బిల్లు చేయకుండా వినియోగదారును అడగాలి.' స్కీమాలో రాష్ట్రం గడిని ఖాళీగా వదలకుండా జీఎస్‌టీ కోడ్‌లకే పరిమితం చేశాను: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాత ఈ పొరపాటు మళ్లీ కనిపించలేదు. పార్సిల్ టూల్‌లో ఊరి పేరుకు తోడు పిన్‌కోడ్‌ను తప్పనిసరి చేయడానికీ కారణం ఇలాంటిదే. పశ్చిమ బెంగాల్‌లోనూ ఒక బహరంపూర్ ఉంది. దాని పిన్ 742తో మొదలైతే మా ఊరిది 760తో మొదలవుతుంది.

తప్పు జరిగినప్పుడు టూల్ తిరిగి పంపే సందేశం కూడా డాక్యుమెంటేషన్‌లో భాగమే. దీన్ని చాలామంది పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 'ఇన్‌పుట్ చెల్లదు' అని చెబితే ఏజెంట్ అదే అభ్యర్థనను అటూ ఇటూ మార్చి మళ్లీ మళ్లీ పంపుతుంది. 'చీరలకు సంఖ్య ఇవ్వాలి. మీటర్లు జాకెట్టు గుడ్డకు మాత్రమే' అని చెబితే వెంటనే సరిదిద్దుకుంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. చాలా క్లయింట్లలో (ఏజెంట్‌ను నడిపే యాప్‌లలో) అన్ని టూళ్ల వివరణలూ ఏఐ మోడల్ ముందుకు ఒకేసారి వస్తాయి కనుక టూళ్లు పెరిగేకొద్దీ కాంటెక్స్ట్, అంటే మోడల్ ఒకేసారి చూడగలిగే పరిధి, నిండిపోతుంది. 'స్టాకు చూడు', 'స్టాకు వెతుకు' అని దగ్గర దగ్గర పేర్లు పెడితే ఏది పిలవాలో తెలియక ఏజెంట్ తడబడుతుంది. ఆ రెంటినీ కలిపేయడమే మేలు. ఒక టూల్ డేటాను చదువుతుందా, చెరిపేస్తుందా అని తెలిపే గుర్తులు ఎంసీపీలో ఉన్నాయి, కాని అవి సూచనలే తప్ప తాళం కావు. నమ్మకమైన సర్వర్ (టూళ్లను అందించే ప్రోగ్రాము) నుంచి వస్తే తప్ప వాటిని నమ్మవద్దని ఆ ప్రోటోకాల్ పత్రమే చెబుతుంది. అందుకే మా దగ్గర బిల్లు రద్దుకు మనిషి ఆమోదం తప్పనిసరి.

వివరణలు రాసేటప్పుడు దుకాణం లెక్కలు చూసే పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకుంటాను. మినహాయింపులన్నీ తెలిసింది ఆయనకే. సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోటు (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) రాసే టూల్‌లో ఈమధ్య ఆయన చెప్పగా ఒక వాక్యం చేర్చాను: 'అసలు బిల్లు నంబరు లేనిదే క్రెడిట్ నోటు రాయకూడదు.'